పెద్ద చెరువు దగ్గర ఆ రాత్రి: అడవి నడకలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లా. పోయిన ఉగాదికి మా బంధువులం 11 మందిమి వెంకటాపురం నుంచి నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచి వెళ్లాము. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇంట్లో పులిహోర, పెరుగన్నం కలుపుకొని, జొన్నరొట్టెలు కట్టుకొని బయల్దేరాము. పెరుగన్నం పులిసిపోకూడదని పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే వేసి కలిపారు. రాత్రి ఎనిమిదింటికి పెద్ద చెరువు దగ్గర ఏడుగురు పెరుగన్నం తిన్నారు, నలుగురు రొట్టెలు తిన్నారు. పదకొండు దాటిన తర్వాత ఆరుగురికి వరసగా వాంతులు, ఆ వెనకే విరేచనాలు మొదలయ్యాయి. వారిలో బీపీ మాత్రలు వాడే మా అరవై ఏళ్ల మేనమామ మరునాడు భీముని కొలను మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయారు. అందరమూ చెరువు నీళ్లే తాగాము కాబట్టి ఆ నీళ్లే కారణమని మా నమ్మకం. ఇంటికి వచ్చిన పది రోజులకు మా తమ్ముడికి పొట్ట ఉబ్బరం, చెడు వాసనతో విరేచనాలు మొదలై మూడు వారాలు వదల్లేదు. ఆ రాత్రి రొట్టెలు తిని బాగున్నవాళ్లలో అతనూ ఒకడు. ఇప్పటికీ పాలు తాగితే పొట్ట ఉబ్బుతుందంటాడు. వచ్చే శివరాత్రికి మళ్లీ వస్తామని మొక్కుకున్నాము. ఈసారి తొమ్మిదేళ్ల మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. మంచి ఫిల్టరు సీసా కొంటే సరిపోతుందా? విరేచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్ ముందే కొని పెట్టుకోవాలా? విరేచనాలవుతున్నప్పుడు నీళ్లు తగ్గించాలని మా అమ్మ చెబుతుంది. అది నిజమేనా?

సమాధానం: మీరు ఉత్తరంలో వేళలు రాశారు, ఎవరు ఏమి తిన్నారో కూడా రాశారు. చాలామంది ఈ రెండూ చెప్పరు. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి వైద్యుడు మొదట అడిగేది వీటి గురించే. మీరిచ్చిన వివరాలను బట్టి చూస్తే, ఆ రాత్రి ఆరుగురిని పడేసింది చెరువు నీళ్లు కావు, పెరుగన్నమే అయి ఉండాలి. నీళ్లు 11 మందీ తాగారు, జబ్బు పడినది మాత్రం పెరుగన్నం తిన్నవాళ్లే. రొట్టెలు తిన్న నలుగురిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పైగా తిన్న మూడు గంటలకే వాంతులు వచ్చాయి. కలుషితమైన నీటితో కడుపులోకి వెళ్లిన సూక్ష్మజీవులు పేగుల్లో కుదురుకొని, పెరిగి, జబ్బు చేయడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మూడు గంటల్లోనే వాంతులు మొదలయ్యాయంటే, తినకముందే తయారై అన్నంలో సిద్ధంగా ఉన్న విషం పని చేసిందన్నమాట.

ఆ విషం ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈసారి మీరు మార్చుకోవలసిన వాటిలో మొదటిది ఇదే. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి, అవి అన్నం ఉడికినంత మాత్రాన చావవు. ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలవ ఉంటే ఆ బీజాలు మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తాయి. ఒకసారి తయారైన ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చేత్తో అన్నం కలిపినప్పుడు మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ కూడా అందులోకి చేరి అలాంటి పనే చేస్తుంది, దాని విషమూ వేడికి లొంగదు. పెరుగు బాగా తోడుకొని పులిసి ఉంటే ఆ పులుపు వీటిని కొంతవరకు అణచి పెడుతుంది. మీవాళ్లు రుచి కోసం పాలు ఎక్కువ పోసి, తోడు తక్కువ వేసి, వేడి అన్నంలో కలిపి, మూత బిగించి, ఎండలో పదహారు గంటలు మోసుకెళ్లారు. ఇంట్లో పొద్దున కలిపి మధ్యాహ్నం తినే పెరుగన్నానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. ఉగాది ఎండల్లో నల్లమల దాటే మూటకు మాత్రం అది పనికిరాదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె పట్టిన పులిహోర కొంత మేలు, అయినా దాన్ని కూడా మధ్యాహ్నంలోపే ముగించేయాలి.

కాబట్టి రాత్రి భోజనానికి తడి లేనివే తీసుకెళ్లండి. పలుచగా చేసి బాగా ఆరబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, బొరుగులు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరాలు, తొక్క తీసుకొని తినే అరటిపండ్లు చాలు. మీ ప్రాంతంలో దూరప్రయాణాలకు పెద్దవాళ్లు కట్టుకెళ్లేవి ఇవే. దారిలో ఎవరైనా అన్నదానం చేస్తుంటే, మీ కళ్లముందే పొయ్యి మీద నుంచి దించి పొగలు కక్కుతూ వడ్డించేది తినండి. ఉదయం వండి గంగాళంలో మూసి ఉంచినదాన్ని నమస్కరించి వదిలేయండి. మజ్జిగ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. మజ్జిగ డ్రమ్ము దగ్గర నిలబడి ఒక్క ఐదు నిమిషాలు చూడండి. ఒకే గ్లాసు వందమంది చేతుల్లో తిరుగుతుంది, ప్రతిసారీ వేళ్లు మునిగేదాకా ఆ గ్లాసును డ్రమ్ములో ముంచుతారు. పెట్టేవారి భక్తిని నేను ఎంతమాత్రం శంకించను. పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి డ్రమ్ములో వేలాడదీస్తే ఆ పుణ్యకార్యం వల్ల ఎవరికీ హాని జరగదని వారికి వినయంగా చెప్పి చూడండి.

చేతుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అడవిలో వచ్చే కడుపు జబ్బులను అందరూ వాగుల మీదికి, చెరువుల మీదికి నెట్టేస్తారు గాని, వాటిలో పెద్ద భాగం మన చేతుల ద్వారానే వస్తుంది. బహిర్భూమికి వెళ్లి వచ్చి, సబ్బు లేక ఉత్త నీళ్లతో చేతులు తడుపుకొని, అదే చేత్తో పదిమందికి రొట్టెలు విరిచి పెట్టే మనిషి ఒక్కడుంటే చాలు, ఏ ఫిల్టరు సీసా కూడా మిమ్మల్ని కాపాడలేదు. శానిటైజరు జేబులో ఉందన్న ధైర్యం వద్దు. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద అది సరిగా పని చేయదు, కొన్ని రకాల వైరస్‌లను, జియార్డియా వంటి పరాన్నజీవులను చంపలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో పేపర్ సోపు డబ్బీ ఇచ్చి, భోజనానికి ముందు ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు ఇరవై సెకన్లు రుద్ది కడుక్కునే పద్ధతి పెట్టుకోండి. బహిర్భూమికి నీటి వనరుకు కనీసం అరవై మీటర్ల దూరంలో, అంటే సుమారు ఎనభై అంగలు వేసి, జానెడు లోతు గుంట తీసి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. అది పులుల అభయారణ్యం కాబట్టి ఒంటరిగా, చీకట్లో లోపలికి పోకూడదు. ఒకరు తోడు వెళ్లి కొంచెం ఎడంగా నిలబడాలి. మనం రెండు రోజులుండి వెళ్లిపోతాం, ఆ నీళ్లు ఏడాది పొడవునా చెంచు కుటుంబాలు, జంతువులు తాగేవి.

ఇక నీళ్ల సంగతి. ఆ రాత్రి జరిగినదానికి చెరువు కారణం కాదన్నాను గాని, చెరువు నీళ్లు మంచివని నేను చెప్పడం లేదు. మీ తమ్ముడి జబ్బు వేరే దారిలో వచ్చింది. నీళ్లు తాగిన వారం, రెండు వారాల తర్వాత మొదలై, పొట్ట ఉబ్బరంతో, దుర్వాసనతో వారాల తరబడి సాగే విరేచనాలు జియార్డియా అనే పరాన్నజీవి లక్షణం. మనుషుల, జంతువుల మలం కలిసిన నీటిలో అది గట్టి పెంకు కట్టుకొని చాలాకాలం బతికి ఉంటుంది. కాబట్టి ఒకే ప్రయాణంలో మీకు రెండు వేరు వేరు జబ్బులు తగిలాయి, ఒకటి ఇంటి నుంచి మోసుకెళ్లినది, ఇంకొకటి చెరువు నుంచి తెచ్చుకున్నది.

నీటిని శుద్ధి చేయడానికి అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి మరిగించడమే. నల్లమల అంత ఎత్తులో నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, బాక్టీరియా, వైరస్‌లు, జియార్డియా అన్నీ చస్తాయి. అయితే శివరాత్రి నుంచి ఉగాది దాకా ఆ అడవంతా ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే కొండ కొండే తగలబడుతుంది. అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. అందువల్ల దారిలో పొయ్యి పెట్టుకొని కాచుకోమని నేను చెప్పను. మొదటి రోజుకు కావలసిన నీళ్లు ఇంటి దగ్గరే మరిగించి, చల్లార్చి నింపుకోండి. ఆ ఎండల్లో నడిచే పెద్ద మనిషికి రోజుకు నాలుగు లీటర్లయినా కావాలి. ఉత్సవ రోజుల్లో దారిలో మంచినీటి ఏర్పాటు ఉంటే ముందు దాన్నే వాడుకోండి, తప్పనిసరి అయితేనే చెరువు నీళ్లు తీసుకోండి.

చెరువు నీళ్లు తీసుకోవలసి వచ్చినప్పుడు, జనం దిగి స్నానాలు చేసే రేవుకు దూరంగా వెళ్లి, పైనున్న తెట్టును పక్కకు నెట్టి ముంచుకోండి. పాత నూలు చీరను నాలుగు, ఎనిమిది మడతలు వేసి వడకట్టండి. దీన్ని చాదస్తం అనుకోవద్దు. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం చేసిన అధ్యయనంలో, పాత చీర మడతల్లో నీళ్లు వడకట్టుకున్న ఇళ్లలో కలరా కేసులు సుమారు 48 శాతం తగ్గాయని 2003లో తేలింది. కలరా క్రిములు నీటిలోని అతిచిన్న జీవులను అంటిపెట్టుకొని ఉంటాయి, మడతల్లో ఆ జీవులు చిక్కుకుంటాయి. నీళ్లు బురదగా ఉంటే మన పెద్దలు చిల్లగింజను అరగదీసి వేసి తేర్చేవారు, అది కూడా మంచి పద్ధతే. అయితే తేరడం వేరు, క్రిములు చావడం వేరు. అద్దంలా కనిపించే నీళ్లలోనూ జబ్బు ఉండవచ్చు.

వడకట్టిన తర్వాత మీరు కొనాలనుకుంటున్న ఫిల్టరు సీసా వాడవచ్చు. రంధ్రాల పరిమాణం 0.2 మైక్రాన్లు లేదా అంతకంటే తక్కువ అని దాని మీద రాసి ఉందో లేదో చూసుకోండి. అలాంటిది బాక్టీరియాను, జియార్డియాను ఆపుతుంది గాని, వైరస్‌లు అందులోంచి జారిపోతాయి. అందుకని ఫిల్టరు తర్వాత క్లోరిన్ మాత్ర కూడా వేయమంటాను. వైరస్‌లను క్లోరిన్ చంపుతుంది, క్లోరిన్‌కు త్వరగా లొంగని జియార్డియాను అప్పటికే ఫిల్టరు ఆపి ఉంటుంది. మాత్ర కొనేటప్పుడు అది ఎన్ని లీటర్లకో తప్పకుండా చదవండి, ఇరవై లీటర్ల బిందెకు వేసే మాత్రను లీటరు సీసాలో వేసిన వాళ్లను నేను చూశాను. మాత్ర కరిగాక సీసాను తలకిందులు చేసి, మూతను కొంచెం వదులు చేసి, నాలుగు చుక్కలు మూత బిగించే గాడుల మీదుగా కారనివ్వండి. మీరు నోరు పెట్టేది అక్కడే, అక్కడ అంటిన పచ్చినీళ్లకు కూడా మందు తగలాలి. తర్వాత మూత బిగించి, అరగంట ఆగి తాగండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎవరికో ఒకరికి జబ్బు రావచ్చు. అప్పుడు మీ అమ్మగారి మాట వినకూడదు. ఆవిడ ప్రేమతోనే చెబుతున్నారు, మా అమ్మమ్మ కూడా అదే చెప్పేది. కాని విరేచనాల్లో మనిషిని చంపేది క్రిమి కంటే ఎక్కువగా నీళ్లు, లవణాలు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. పేగులు ఎంత దెబ్బతిన్నా, గ్లూకోజు లోపలికి వెళ్తూ సోడియంను వెంట తీసుకెళుతుంది, ఆ రెండింటి వెనక నీళ్లు వెళ్తాయి. ఉత్త నీళ్లు తాగితే నిలవని కడుపులో అలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లు, అంటే ఓఆర్ఎస్, నిలవడానికి కారణం అదే.

అందుకే మీ మూటలో మొదట ఉండవలసిన మందు ఓఆర్ఎస్. మనిషికి రెండు లీటరు ప్యాకెట్ల చొప్పున తీసుకెళ్లండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి, లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. అంతకు ఎన్నో రెట్ల చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో ఏళ్ల తరబడి మందుల దుకాణాల్లో అమ్ముడుపోయాయి, అలాంటివి తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలు ఆ పేరు వాడుకోకూడదని ఆదేశించింది. అయినా మీరు కొనేటప్పుడు చదివే కొనండి.

కలిపేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. నేను ఒక శివరాత్రికి వైద్య శిబిరంలో పని చేస్తుండగా, ఒక తల్లి ఆరేళ్ల పాపను ఎత్తుకొని వచ్చింది. ఓఆర్ఎస్ పట్టిన ప్రతిసారీ కక్కుతోందని, ఇక పట్టనని ఏడుస్తోంది. ఆమె చేతిలోని సీసా తీసుకొని ఒక గుక్క రుచి చూశాను, సముద్రపు నీళ్లలా ఉంది. లీటరు ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో పోసింది, తన దగ్గర ఉన్న సీసా అదొక్కటే. సరైన పాళ్లలో మళ్లీ కలిపి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టించాము. గంట గడిచేసరికి ఆ పాప తానే చెంచా లాక్కొని తాగింది. సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్ కన్నీళ్ల ఉప్పదనాన్ని మించకూడదు. అందుకని లీటరు గీత ఉన్న సీసా ఒకటి దీనికోసమే ఉంచండి, కలిపిన నీళ్లు ఒక రోజు దాటితే పారబోయండి. ప్యాకెట్లు అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, పైన వేలితో చదును చేసి కొలవాలి.

మీ అబ్బాయి వయసు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు, పెద్దలకు తాగగలిగినంత ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాలతో మొదలుపెట్టాలి. కొబ్బరినీళ్లు తాగవచ్చు గాని వాటిలో సోడియం తక్కువ, విరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు ఓఆర్ఎస్‌కు బదులు కావు. కూల్‌డ్రింకులు వద్దు. కడుపు మాడ్చవద్దు, ఆకలి వేయగానే ఉప్పు గంజి, అరటిపండు, రొట్టె ముక్క ఇవ్వండి.

విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్రను పిల్లవాడికి ఇవ్వనే కూడదు. పెద్దవాళ్లలోనూ జ్వరం గాని, మలంలో రక్తం గాని ఉంటే వాడకూడదు, బయటికి పోవలసిన విషాన్ని లోపల బిగబట్టినట్లవుతుంది. ఆ రెండూ లేని పెద్దవాళ్లు జీపు దాకా చేరుకోవడానికి వాడితే తప్పు లేదు, కాని అది రోగాన్ని తగ్గించదని గుర్తుంచుకోవాలి. యాంటీబయాటిక్ ముందే కొనిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. మీ ఆరుగురి జబ్బుకు అది ఏమాత్రం పని చేసి ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ ఉన్నది విషం, చంపవలసిన క్రిమి కాదు.

మీ మేనమామగారి విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మూత్రం ఎక్కువ చేసే బీపీ మాత్రలు గాని, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మాత్రలు గాని వాడేవారికి వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. ఆయన మెట్ల మీద పడిపోవడానికి ఇది కారణం అయి ఉండవచ్చు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. ఆయన తనంతట తాను మాత్రలు మానకూడదు. బయల్దేరే ముందే తన డాక్టరును కలిసి, వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏ మాత్ర ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అని అడిగి, కాగితం మీద రాయించుకొని జేబులో పెట్టుకోవాలి. ఆ కాగితం ఇంకొకరి దగ్గరా ఉండాలి.

ఎప్పుడు వెనక్కి తిరగాలన్నది కూడా ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. మొక్కు మధ్యలో ఉన్నప్పుడు ఎవరూ ఆగుదామనరు, జబ్బు పడినవారైతే అసలే అనరు. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయి నాలుక ఎండినా, పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడత నిలబడినా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం బాగా ఉన్నా, మనిషి మత్తుగా పలికినా, తాగిన ఓఆర్ఎస్ ఏదీ నిలవకపోయినా, ఇక నడిపించవద్దు. నీడలో పడుకోబెట్టి, దగ్గరలోని శిబిరానికో, అటవీ సిబ్బందికో కబురు పంపండి. చాలాచోట్ల ఫోను పలకదు కాబట్టి గట్టిగా నడవగల ఇద్దరిని పంపడమే దారి. పెద్ద చెరువు దగ్గర ఉండగానే ఈ నిర్ణయం తీసుకోవాలి, భీముని కొలను లోయలోకి దిగాక, అవతలి మెట్లెక్కి కైలాస ద్వారం చేరకుండా బయటపడటం కష్టం. పోయినసారి రాత్రంతా వాంతులు చేసుకున్న అరవై ఏళ్ల మనిషిని తెల్లవారగానే నడిపించడమే మీరు చేసిన పెద్ద పొరపాటు.

మీ అబ్బాయిని తీసుకెళ్లవచ్చు, తొమ్మిదేళ్లు మరీ చిన్న వయసు కాదు. అయితే బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు టైఫాయిడ్ టీకా వేయించారో లేదో చూసుకోండి, హైదరాబాద్‌లోనే తయారయ్యే కాంజుగేట్ టీకా ఒక్క మోతాదు చాలు. అతని సీసా అతనికే ఉండాలి, పెద్దవాళ్ల సీసాలో తాగకూడదు.

ఇక మీ తమ్ముడి సంగతి. జియార్డియా పోయిన తర్వాత కూడా కొంతకాలం పాలు అరగకపోవడం మామూలే, అది మెల్లగా సర్దుకుంటుంది. అయితే అది అసలు పోయిందో లేదో ఇప్పటిదాకా ఎవరూ చూసినట్లు మీ ఉత్తరంలో లేదు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అడవిలో చెరువు నీళ్లు తాగాడని, పది రోజుల తర్వాత మొదలైందని చెప్పి, మల పరీక్ష చేయించండి. జియార్డియా అన్నిసార్లూ మలంలో కనబడదు కాబట్టి వేరు వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వడం మంచిది.